ఎస్కలాంటే కాన్యన్లలో ఒంటరిగా అయిదు రోజులు: నీళ్లు, వరద, తిరుగుదారి

మీ ప్రశ్న ఇదీ: అక్టోబర్‌లో అయిదు రోజులు సెలవు పెట్టి అమెరికాలో దక్షిణ యూటాలోని ఎస్కలాంటే ప్రాంతానికి ఒంటరిగా వెళ్లాలి. కయోటీ గల్చ్ అనే లోయలో రెండు రాత్రులు టెంట్ వేసుకోవాలి. వీలైతే పీక్-ఎ-బూ, స్పూకీ అనే స్లాట్ కాన్యన్లు (మనిషి పట్టేంత ఇరుకు లోయలు) కూడా చూడాలి. కొండల్లో నడక అలవాటే గానీ ఎడారి కొత్త. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

నెల బాగా ఎంచుకున్నారు. ప్లాన్‌లో మాత్రం కొన్ని మార్చుకోవాలి.

ఒంటరిగా వెళ్తే కొత్త ప్రమాదాలేమీ పుట్టుకురావు. నలుగురితో వెళ్లినా కాలు బెణుకుతుంది, దారి తప్పుతుంది. కాకపోతే ఇద్దరుంటే ఆరు గంటల్లో తెమిలిపోయే ఇబ్బంది, ఒక్కరే ఉంటే రెండు మూడు రోజులు సాగుతుంది. అందుకని నియమం ఒక్కటే పెట్టుకోండి. వచ్చిన దారినే వెనక్కి రాగలనని ఖాయంగా తెలిసిన చోటికే వెళ్లాలి. నీళ్లు మోసుకోవడం, బండ దిగడం, కారు నడపడం, అన్నింటికీ ఇదే లెక్క.

ముందు నీళ్ల సంగతి, ఎందుకంటే మిగతా ప్లానంతా దాని మీదే ఆధారపడుతుంది. ఎడారి నడకకి మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు అని అక్కడి పార్కుల వాళ్లు చెబుతారు. అక్టోబర్‌లో నడిచే రోజుకి తాగడానికి నాలుగు లీటర్లు, వంటకి ఒకటి వేసుకోండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండు రోజులకి సరిపడా నీళ్లకే వీపు మీద పది కిలోలు పడతాయి, అంతకు మించి మోయడం కుదరదు. కాబట్టి మ్యాపు తీసి ముందు క్యాంపులు గుర్తు పెట్టొద్దు, నీళ్లున్న చోట్లు గుర్తు పెట్టండి. క్యాంపులు వాటిని బట్టి వాటంతటవే కుదురుతాయి.

కయోటీ గల్చ్‌లోకి దిగడానికి మూడు నాలుగు దారులున్నాయి. మీకు హరికేన్ వాష్ దారి సరిపోతుంది. ట్రయిల్‌హెడ్ (నడక మొదలయ్యే చోటు) నుంచి కయోటీలో కలిసే చోటికి అయిదు మైళ్ల పైచిలుకు. అందులో చాలా భాగం ఒట్టి ఇసుక వాగు, కలిసే చోటు దగ్గరపడ్డాకే నీటి చార కనిపిస్తుంది. అక్కడి నుంచి కిందికి ఏడాది పొడవునా నీళ్లు పారుతూనే ఉంటాయి. జాకబ్ హాంబ్లిన్ ఆర్చ్ అనే రాతి తోరణం దాటిన కాస్త దూరంలో గోడలోంచి ఊరే ఊటలున్నాయి, వాగునీటి కంటే అవి తేటగా ఉంటాయి. మొదటి రోజు కారు దగ్గర నాలుగు లీటర్లు నింపుకుని బయల్దేరండి. తిరిగొచ్చే రోజు మరింత జాగ్రత్త కావాలి. అది ఎగువకి, ఇసుకలో, ఎండలో నడక. పారే నీళ్లు వదిలిపెట్టే ముందు కనీసం మూడు లీటర్లు నింపుకోండి.

సీసాల మొత్తం సామర్థ్యం ఆరు లీటర్లుండాలి. లీటరు గట్టి సీసాలు రెండు, రెండు లీటర్ల మెత్తటి సంచులు రెండు. ఒకే పెద్ద సంచి మీద ఆధారపడితే ఒక్క నాగజెముడు ముల్లు చాలు, నీళ్లన్నీ ఇసుకపాలవుతాయి. ముందు నీళ్లున్నాయో లేవో తెలియని పక్క లోయలోకి వెళ్తుంటే మోసుకెళ్లిన నీళ్లలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగండి. ఇంకో మూడో వంతు తిరుగుదారికి, ఆఖరి మూడో వంతు కాలు బెణికి అక్కడే రాత్రి గడపాల్సి వస్తే.

ఎగువన వాన పడితే కయోటీ నీళ్లు ఎర్రటి బురదగా మారతాయి. ఎస్కలాంటే నది కూడా అంతే. పిండే రకం హాలో ఫైబర్ ఫిల్టర్లో (సన్నటి గొట్టాల గుండా నీళ్లు వడకట్టేది) ఆ నీళ్లు నేరుగా పోస్తే కాసేపట్లోనే మూసుకుపోతుంది. దీనికి పటిక పొడి కొంచెం, మడతపెట్టే బకెట్ ఒకటి తీసుకెళ్లండి. సాయంత్రం క్యాంపుకి చేరగానే బకెట్ నింపి, చిటికెడు పటిక వేసి, నిమిషం పాటు కలిపి వదిలేయాలి. సన్నటి మట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గంటలకొద్దీ అడుక్కి చేరవు. పటిక ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, రేణువులు ముద్దలు కట్టి దిగిపోతాయి. పైన తేరిన నీళ్లు మాత్రమే కదపకుండా వంచుకుని అప్పుడు ఫిల్టర్ చేయండి. పటిక మట్టిని దించుతుందే గానీ క్రిములన్నిటినీ తీసేయదు.

ఫిల్టర్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఒకసారి వాడి తడిసిన హాలో ఫైబర్ ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి. బయటికి ఏ తేడా కనిపించదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, కానీ క్రిములతో సహా వస్తాయి. అక్టోబర్ రాత్రులు సున్నా డిగ్రీలకి పడిపోవచ్చు కాబట్టి దాన్ని జిప్‌లాక్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకు పడుకోండి. తోడుగా క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు ఓ పది ఉంచుకోండి. చల్లటి నీళ్లలో అవి పూర్తిగా పనిచేయడానికి నాలుగు గంటలు పడుతుంది, కాబట్టి రాత్రే వేసి పెట్టుకోవాలి.

నీళ్లతో పాటు ఉప్పు కూడా తీసుకోవాలి. చెమట పట్టే రోజున ఒట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. ఒంట్లో నీళ్లు తగ్గాయనుకుని ఇంకా తాగితే మరింత ముదురుతుంది. పక్కన గమనించే మనిషి లేనప్పుడు ఆ తికమకే అసలు ప్రమాదం. రోజుకి ఒకటి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పగా ఉండే చిరుతిండి చాలు.

ఇక వరద. ఇక్కడి నేల చాలాచోట్ల ఒట్టి రాయి, వాన ఇంకదు. మైళ్ల అవతల పడిన వానంతా ఒకే ఇరుకు లోయలోకి దిగుతుంది. మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే వరద రావచ్చు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని పేజ్ దగ్గర లోయర్ ఆంటెలోప్ కాన్యన్‌లో 11 మంది ఇలాగే కొట్టుకుపోయి చనిపోయారు. వాన పడింది ఎగువన మైళ్ల దూరంలో. 2015 సెప్టెంబర్ 14న జయాన్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. ఉరుముల వానలు ఎక్కువగా జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. అక్టోబర్‌లో ముప్పు తగ్గుతుంది గానీ, పసిఫిక్ వైపు నుంచి వచ్చే తుపాను అవశేషాలు రోజంతా కురిపించగలవు.

నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు ఈ ప్రాంతాలకి ఫ్లాష్ ఫ్లడ్ అవకాశాన్ని నాలుగు మెట్లలో చెబుతారు: వచ్చే సూచన లేదు, రావచ్చు, చాలావరకు వస్తుంది, ఖాయం. స్లాట్ కాన్యన్లోకి మొదటి మెట్టు ఉన్న రోజే దిగండి. రెండో మెట్టుకి కూడా వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ విషయంలో బేరాలు లేవు. సూచన చూసేటప్పుడు మీరుండే చోటొకటే చూడటం సరిపోదు. మ్యాపులో ఆ లోయకి నీళ్లొచ్చే పరీవాహకమంతా గుర్తించి, అక్కడ ఎక్కడ వాన పడినా మీ దగ్గరికే వస్తుందని లెక్కేసుకోండి.

టెంట్ వేసే ముందు గోడల వైపు చూడండి. రాళ్ల సందుల్లో, చెట్ల కొమ్మల్లో ఇరుక్కున్న దుంగలు, పుల్లలు, ఎండిన గడ్డి చుట్టలు ఎంత ఎత్తున ఉన్నాయో అంతదాకా ఎప్పుడో నీళ్లొచ్చాయన్నమాట. ఆ గీత కంటే పైన ఉండే ఇసుక అరుగు మీదే పడుకోవాలి. అక్కడి నుంచి ఇంకా పైకెక్కే దారి కూడా వెలుగుండగానే ఒకసారి ఎక్కి చూసుకోండి. అరుగు మీద చలి కూడా కొంత తక్కువే, రాత్రి చల్లగాలి లోయ అడుగుకి జారుతుంది కాబట్టి. పారే నీళ్లు ఉన్నట్టుండి మురికిగా మారినా, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి రైలు వస్తున్నట్టు హోరు వినిపించినా సామాను వదిలేసి పైకెక్కండి. నీళ్లు తగ్గాక కూడా రెండో కెరటం రావచ్చు. కొన్ని గంటలు ఆగండి. ఆగగలగాలంటే బ్యాగులో ఒక రోజు తిండి అదనంగా ఉండాలి.

వరదని పక్కనపెడితే, ఒంటరి మనిషికి పెద్ద చిక్కు దిగలేని, ఎక్కలేని చోట్లు. ఇసుకరాయి వాలు మీద ఎక్కడం తేలిక. ముఖం రాయికి దగ్గరగా ఉంటుంది, పట్టు కనిపిస్తుంది. దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతుందో కనిపించదు. కాబట్టి ఎక్కే ప్రతి వాలునీ సగం ఎక్కి ఆగండి, రెండడుగులు వెనక్కి దిగి చూడండి. దిగలేకపోతే అక్కడితో ఆపేయాలి. లోయలో కిందికి వెళ్తుంటే దూకడం, జారడం ఏవీ వద్దు. ఒక గట్టు దూకి దిగాక ముందు ఎండిన జలపాతం అడ్డొస్తే ఇటు దిగలేరు, అటు ఎక్కలేరు. వాన పడ్డాక ఒకటి రెండు రోజులు ఇసుకరాయి బలహీనంగా ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు బరువు మోసిన పట్టు తడిసినప్పుడు ఊడి చేతికొస్తుంది. గోడల మధ్య ఇరుక్కున్న బండలకి ఎప్పుడూ వేలాడొద్దు. 2003 ఏప్రిల్ 26న బ్లూజాన్ కాన్యన్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే పర్వతారోహకుడు ఒంటరిగా దిగుతుండగా కదిలింది అలాంటి బండే. కుడి చేయి దాని కింద నలిగి, అయిదు రోజులు అక్కడే ఉండిపోయి, చివరికి ఆ చేతిని తనే కోసుకుని బయటపడ్డాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి వెతికేవాళ్లకి మొదట ఎక్కడ వెతకాలో కూడా తెలియలేదు.

ఇదే కారణంతో కయోటీలోకి స్నీకర్ రూట్ మీద దిగొద్దు. జాకబ్ హాంబ్లిన్ ఆర్చ్ దగ్గర నేరుగా దిగే నున్నటి, నిటారు వాలు అది. దగ్గరిదారి కదా అని చాలామంది దిగుతారు. బరువు సంచితో, పైన తాడు పట్టే మనిషి లేకుండా అది సరైన పని కాదు. క్రాక్ ఇన్ ద వాల్ దారి అంత ప్రమాదం కాదు గానీ, సందు మరీ ఇరుకు కావడంతో సంచిని విడిగా తాడుతో దించుకోవాలి. పైగా అక్కడికి చేరే ఫార్టీ మైల్ రిడ్జ్ రోడ్డు చివర్లో లోతైన ఇసుక, చిన్న కార్లు కూరుకుపోతాయి.

కయోటీలో చాలాచోట్ల నీళ్లలోనే, చీలమండల లోతున నడవాలి. నీళ్లు నిలవకుండా కారిపోయే తేలికపాటి షూలు వేసుకోండి, ఉదయం చలికి నియోప్రీన్ సాక్సులు. తోలు బూట్లు ఒకసారి తడిస్తే ఆరవు, బొబ్బలెక్కుతాయి. వరద తర్వాత ఒడ్డు వెంట ఊబి ఉంటుంది. మెరుస్తూ, జెల్లీలా కదిలే ఇసుక కనిపిస్తే ముందు కర్రతో పొడిచి చూడండి. దిగబడితే కాలు నిటారుగా లాగొద్దు, కింద ఖాళీ ఏర్పడి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. సంచి తీసి పక్కన పడేసి, వెనక్కి వాలి, కాలిని చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ నీళ్లు లోపలికి దిగనివ్వండి. మోకాలి లోతు దాకా అయితే ఇది పనిచేస్తుంది. 2019 ఫిబ్రవరిలో జయాన్‌లోని సబ్‌వే దారిలో ఒకాయన కాలు ఊబిలో కూరుకుపోతే తోటి మనిషి మైళ్లు నడిచి సాయం పిలవాల్సొచ్చింది. మీకు ఆ తోటి మనిషి లేరు కాబట్టి రెండు నడక కర్రలు తప్పనిసరి.

ఆ లోటు తీర్చేవి రెండు: ఒక కాగితం, ఒక పరికరం. కాగితంలో ఇవి రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి: కారు రంగు, నంబరు, ఎక్కడ ఆపుతారు, ఏ దారిన ఏ రోజు ఎక్కడ పడుకుంటారు, టెంట్ రంగు, వాడే మందులు, బయటికొచ్చే సమయం. దాని కింద ముఖ్యమైన వాక్యం: ఫలానా రోజు ఉదయం 8 లోపు నా దగ్గర నుంచి కబురు లేకపోతే కేన్ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. యూటాలో గాలింపు పని కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్‌దే, కయోటీ గల్చ్ ఉన్నది కేన్ కౌంటీలో. నంబరు కూడా రాసివ్వండి. గడువు లేకుండా "ఆలస్యమైతే చూడు" అని చెబితే ఇంట్లోవాళ్లు ఎప్పుడు పిలవాలో తెలియక ఒక రోజు పోగొడతారు. లోపలికి వెళ్లాక మనసు మార్చుకుని వేరే లోయకి పోతే ఈ కాగితానికి విలువే లేదు.

పరికరం ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజరైనా కావచ్చు, 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ (ఆపదలో సిగ్నల్ మాత్రమే పంపే పరికరం) అయినా కావచ్చు. రెండువైపులా కబురు పంపుకోగలిగేదైతే మేలు, ఎందుకంటే "క్షేమమే, వాగు తగ్గేదాకా ఒక రోజు ఆలస్యం" అని చెప్పొచ్చు, అనవసరంగా హెలికాప్టర్ బయల్దేరదు. దాన్ని సంచిలో పెట్టొద్దు, ఒంటి మీదే ఉండాలి. లోయలో ఆకాశం సన్నటి పేలికలా కనిపిస్తుంది, ఉపగ్రహం ఆ పేలిక మీదుగా వెళ్లే దాకా మెసేజ్ కదలదు. పావుగంటా, అంతకంటే ఎక్కువా పట్టొచ్చు. గోడ కిందకి కాకుండా వంపు బయటి వైపు, ఆకాశం విశాలంగా ఉన్న చోట పెట్టి వదిలేయండి. జీపీఎస్ కూడా ఇరుకులో గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్ వల్ల తప్పు చూపిస్తుంది. కాబట్టి యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల 1:24,000 కాగితం మ్యాపు ఉండాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఇక్కడి మ్యాపుల్లో ఎత్తుని చూపే గీతకీ గీతకీ మధ్య సాధారణంగా 40 అడుగుల తేడా. ముప్పై అడుగుల నిలువు గోడ ఉన్నా ఏ గీతనీ తాకకపోతే మ్యాపులో అసలు కనిపించదు. మ్యాపులో దారి ఉన్నట్టుందని పక్క లోయలోంచి అడ్డంగా పైకెక్కే ఆలోచన అందుకే వద్దు.

దారి తప్పేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలో. దిగువకి వెళ్తుంటే వాగులు కలుస్తాయి, ఎగువకి వస్తుంటే చీలతాయి. హరికేన్ వాష్ కయోటీలో కలిసే చోట ఆగి వెనక్కి తిరిగి ఫోటో తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఎడమ చీలిక మీది.

స్లాట్ కాన్యన్లకి సంబంధించి నా అభిప్రాయం: పీక్-ఎ-బూ మొదట్లో పన్నెండడుగుల దాకా ఎక్కాలి, స్పూకీ కొన్నిచోట్ల పాతిక సెంటీమీటర్లకి మించి వెడల్పుండదు. పెద్ద సంచి పట్టదు, చేతిలో పట్టుకునే చిన్న సంచిలో లీటరు నీళ్లతో వెళ్లాలి. మామూలుగా జనం లేని వేళ వెళ్లమంటారు. ఒంటరిగా ఉన్నారు కాబట్టి మీరు మాత్రం నలుగురూ ఉండే వేళే, ఉదయం తొమ్మిది పది మధ్య వెళ్లండి. పీక్-ఎ-బూ ఎక్కి స్పూకీ దిగడం వాడుక, అదే దిశలో పొండి.

కారు. అక్కడికి చేర్చే హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మట్టిరోడ్డు, దాని మొదలు నుంచి హరికేన్ వాష్‌కి దాదాపు 34 మైళ్లు. పొడిగా ఉంటే మామూలు కారు కూడా పోతుంది గానీ, అలలు అలలుగా గట్టిపడిన నేల టైర్లని, నట్లని కుదిపేస్తుంది. అద్దె కారైతే ఒప్పందం చదవండి, మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ వర్తించదని చాలావాటిలో ఉంటుంది. స్పేర్ టైరు సన్నటిది కాకుండా పూర్తి సైజుది ఉండాలి, దాంట్లో గాలి ఉందో లేదో ఊళ్లోనే చూసుకోవాలి. వాన పడితే ఈ రోడ్డు మీద బంకమట్టి ఉన్న చోట్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా జారి గుంటలో పడుతుంది. కక్కుర్తి పడకుండా ఆరేదాకా ఆగడమే మార్గం. అందుకే కారులో 20 లీటర్ల నీళ్లు, రెండు రోజుల తిండి, దుప్పటి, పార విడిగా పెట్టండి. పెట్రోలు ఎస్కలాంటే ఊళ్లోనే నిండుగా పోయించుకోవాలి, ఆ తర్వాత బంకూ లేదు, ఫోనూ పలకదు.

మిగతావి త్వరగా. కయోటీ గల్చ్‌లో మంటలు నిషిద్ధం, కుక్కల్ని తేకూడదు, మలం వ్యాగ్ బ్యాగుల్లో (దానికోసమే చేసిన సంచులు) వెంట తెచ్చేయాలి. రోజుకి ఒకటి, పైన ఒకటి అదనం. పొడి ఇసుకలో పూడిస్తే కుళ్లదు, తర్వాతి వరదకి నీళ్లలో కలుస్తుంది. ఒక్కరికి నాలుగు రోజులకి 110 గ్రాముల గ్యాస్ డబ్బా సరిపోతుంది. ఇసుకలో టెంట్ మేకులు నిలవవు, చిన్న గుడ్డ సంచుల్లో ఇసుక నింపి తాళ్లు కట్టి పాతిపెట్టండి. తిండి గట్టి డబ్బాలో ఉండాలి, ఎలుకలు సంచుల్ని కొరికేస్తాయి, కాకులు జిప్పులు కూడా తీస్తాయి. ఊటల దగ్గర మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ ఉంటుంది, తాకొద్దు. నల్లగా, గరుగ్గా ఉబ్బిన మట్టి పొర సజీవమైనది, ఒక్క అడుగుకి విరిగితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రాయి మీదో వాగు ఇసుకలోనో నడవండి. గోడల మీద పాత బొమ్మలు, గూళ్లలో కుండ పెంకులు కనిపిస్తే చూసి వదిలేయండి, 1979 నాటి చట్టం ప్రకారం తీయడం నేరం.

రోజుల వారీగా: మొదటి రోజు ఉదయం హరికేన్ వాష్ నుంచి ఆర్చ్ దాకా సుమారు ఏడు మైళ్లు, నాలుగున్నరకల్లా టెంట్ వేసేయాలి, అక్టోబర్‌లో లోయ అడుగున చీకటి తొందరగా పడుతుంది. రెండో రోజు టెంట్ అక్కడే ఉంచి తేలికైన సంచితో దిగువకి, నది వైపు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి. మూడో రోజు బయటికి. నాలుగో రోజు స్లాట్లు. అయిదో రోజు ఖాళీగా వదిలేయండి, ఎక్కడైనా రోజు ఆగాల్సొస్తే దాన్ని వాడుకుంటారు.

రాత్రి బసకి పర్మిట్ కావాలి. ట్రయిల్‌హెడ్ దగ్గర కూడా రాసుకోవచ్చు గానీ, ఎస్కలాంటే ఊళ్లోని విజిటర్ సెంటర్‌కి వెళ్లే రాయించుకోండి. అక్కడి రేంజర్లని నాలుగు అడగండి: రోడ్డు ఎక్కడి దాకా బాగుంది, హరికేన్ వాష్‌లో నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయి, ఈ వారం వరద వచ్చిందా, ఊబి ఏ వంపుల దగ్గర ఉంది. చెప్పినవి మ్యాపు మీదే రాసుకుని, మార్పులేమైనా ఉంటే ఫోన్ పలికే ఆ ఊళ్లో ఉండగానే ఇంటికి చెప్పి బయల్దేరండి.